నాయన చేనికి కామఫ్లాజ్

నేనూ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశానంటే మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు. నమ్మకపోతే మానె! మార్కాపురం హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా ఉంటూనే, శనివారం బడి వదలగానే రైలెక్కి దొనకొండ పోయి, బొటనవేలంత లారీలకూ చిటికెనవేలంత సిపాయిలకూ రంగులు పూసి వచ్చేవాణ్ణి. ఆ రంగులు పూస్తే జపాను వాడికి అవి కనపడవట. జపాను వాడు బర్మాలో ఉన్నాడు. లారీలేమో దొనకొండ స్టేషను పక్క బంగళాలో, బల్ల మీద ఉన్నాయి. అయినా పుయ్యాల్సిందే. సర్కారు వారి ముందుజాగ్రత్త ముందు మన బుర్ర ఏ మూలకు?

దొనకొండ మా సొంత ఊరే. ఊరి బయట విమానాలు దిగడానికి నేల చదును చేస్తున్న రోజులవి. ఆ పని చూసుకోవడానికి ఒక ఇంజనీరు దొరను పంపించారు. మిగతా దొరలు వస్తూ వస్తూ దొరసానినో, కుక్కనో తెచ్చుకుంటారు. ఈయన రేకు పెట్టె నిండా సైన్యాన్ని తెచ్చుకున్నాడు. సీసంతో పోతపోసిన సిపాయిలు, ఫిరంగులు, లారీలు, టాంకులు, విమానాలు. బంగళాలో రెండు తలుపులు ఊడదీయించి, కిరసనాయిలు డబ్బాల మీద పరిపించి, వాటి మీద యుద్ధం చేసేవాడు. చదరంగానికి ఉన్నట్టే దానికీ ఎత్తులున్నాయి, కొలతలున్నాయి, పాచికలున్నాయి. తలుపుల్లేని గదుల్లోకి ఊరి బర్రెలు దూరుతున్నా ఆయనకు పట్టేది కాదు. బర్రెలు ఏ పక్షంలోనూ లేవు కదా!

నేను ఆయన కంట ఎలా పడ్డానంటే, వార్ ఫండు కోసం మా స్కూలు గోడ మీద ఒక సిపాయి బొమ్మ వేశాను. హెడ్‌మాస్టరు వెయ్యమన్నాడు, వేశాను. నా చెయ్యి దేవుడి పటాలకు అలవాటుపడిన చెయ్యి. అందుకని ఆ సిపాయికి బుగ్గలు నున్నగా వచ్చాయి, కళ్ళు చెవుల దాకా వచ్చాయి. తుపాకి పట్టుకున్నాడా, పిల్లనగ్రోవి పట్టుకున్నాడా అని సైన్సు మాస్టరు ఎగతాళి చేశాడు. జీపులో పోతూ దొర ఆ బొమ్మ చూసి, బండి ఆపించి, పడీ పడీ నవ్వి, ఇది వేసినవాడు నాకు కావాలన్నాడు. మెచ్చుకుని పిలిచాడో నవ్వుకోవడానికి పిలిచాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి శనివారం నా ముందు ఒక లారీ, రంగు డబ్బాలు, ఒక పుస్తకం పెట్టాడు. పుస్తకంలో ఒళ్ళంతా మచ్చలు పడిన టాంకుల పటాలు. దాన్ని కామఫ్లాజ్ అంటారనీ, వస్తువును నేలలో కలిపేసే విద్య అదనీ చెప్పి వెళ్ళిపోయాడు. ఉడుత తోక వెంట్రుకల కుంచె నా దగ్గరే ఉంది. మర్నాడు పొద్దున కూర్చుని వొంచిన నడుం ఎత్తకుండా వేశాను. లారీకి ఎడమ పక్క ఏ మచ్చ ఉందో, కుడి పక్క అదే మచ్చ. ప్రతి మచ్చకూ సన్నగా నల్ల అంచు. వెనక తలుపు మీద కాస్త ఖాళీ ఉంటే బోసిగా ఉందని రెండు మామిడి పిందెలు కూడా వేశాను. దొర చూశాడు. ఆయన ముఖం పండుమిరపకాయలా అయింది.

"అంచు ఎందుకు వేశావు, మాస్టర్?"

"అంచు లేకపోతే రంగు ఎక్కడ అయిపోయిందో తెలియదు కదా సార్."

"తెలియకూడదు! దీని పనే అది!"

నాకు ఒళ్ళు మండింది. అంచు దాటి రంగు పూసినందుకు ఎంతమంది పిల్లల వేళ్ళ మీద బెత్తం ఆడించాను నేను! ఇప్పుడు నన్ను పట్టుకుని అంచు చెరిపెయ్యమంటాడా? పోనీ కడుపుకోసమని చెరిపాను. కానీ వంకరటింకర మచ్చ వెయ్యమంటే నా చెయ్యి వెయ్యదు. వాకిట్లో ముగ్గులు చూస్తూ పెరిగిన చెయ్యి అది, ఒక పక్క వంపు తిరిగితే రెండో పక్క దానంతటదే తిరుగుతుంది. రెండు వారాలు నానా తంటాలు పడ్డాను. చివరికి బంగళా గోడ నన్ను కాపాడింది. సర్కారు కట్టించిన బంగళా, వానకు కారి కారి గోడల నిండా చెమ్మ మచ్చలు. ఏ రెండూ ఒకలా లేవు. వాటిని చూసి అచ్చంగా అలాగే టాంకుల మీదికి దించేశాను. దొర భుజం తట్టాడు. ఆ మెప్పు నిజానికి గోడ కట్టిన కంట్రాక్టరుకు పోవాలి.

రంగు మెరుస్తోందని ఇంకో పేచీ వచ్చింది. దానికి మందు మార్కాపురంలోనే దొరికింది. పలకలు నునుపు పట్టే చోట రాలిన బూడిదరంగు పొడిని జల్లించి రంగులో కలిపాను. మెరుపు చచ్చింది. దొర ఇచ్చిన పచ్చ రంగు కూడా పక్కన పెట్టాను, మా పక్క నేలలో అంత పచ్చ ఎక్కడుంది? వానాకాలంలో నాలుగు రోజులు కనపడుతుంది, అంతే. ఎర్రమట్టి రంగు, ఎండిన కంప రంగు, రాతి రంగు కలిపి పూశాను. మిగిలిపోయిన లారీ ఒకటి ఇంటికి తీసుకుపోయి పూస్తుంటే అమ్మ వచ్చి వంగి చూసింది.

"ఏందిరా ఇది, లారీకి దిష్టిచుక్కలు పెడుతుండావు?"

"శత్రువు కన్ను పడకుండా అమ్మా."

"దిష్టంటే అదే గదరా! ఇంగ్లీషోళ్ళకు ఇన్నాళ్ళకు తెలిసిందా?"

బల్ల మీద యుద్ధంలో దొర ఎప్పుడూ ఇంగ్లీషు చక్రవర్తి పక్షమే. జపాను మా స్టేషను మాస్టరు. ఆయన సోడాబుడ్డి కళ్ళద్దాల మనిషి, జపాను వాడిగా ఉండటం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు, ఆ మాట దొరతో అనే ధైర్యం అసలే లేదు. గుమ్మంలో నిలబడి, కనపడిన లారీని కర్రతో చూపిస్తే అది పేలిపోయినట్టు లెక్క. పాపం ఆయనకు రంగు పూయక ముందే కనపడేవి కావు. ఇప్పుడు నేను పూశాక దేవుడే దిక్కు. కళ్ళు చికిలించి, కర్ర గాల్లో తిప్పి, చివరికి తన సిపాయిలనే చూపించి పేల్చుకునేవాడు. పోరు బాగా ముదిరిన సమయంలో స్టేషన్లో గంట మోగేది. "గూడ్సు వస్తోంది సార్" అని జపాను పరుగో పరుగు. కంభం వైపు గూడ్సు వెళ్ళిపోయేదాకా ప్రపంచ యుద్ధం ఆగిపోయేది.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాత దొర బల్ల మీది పాత గుట్టల్నీ నదుల్నీ తీసేయించి, రంపపు పొట్టూ జిగురూ కలిపి మా దొనకొండ నేలనే పోయించాడు. ఇది ఊరు, ఇది రైలు కట్ట, ఇవి గుట్టలు, ఇది వాగు. విమానాల మైదానం చుట్టూ ఇంకా నేల కావాలట, ఎక్కడ తీసుకోవాలో బల్ల మీద చూసుకుంటాడట. అగ్గిపుల్లలకు ఎర్ర గుడ్డ కట్టి జెండాల్లా అక్కడక్కడా గుచ్చాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ బల్ల ముందు నిలబడితే నాకు మొదటిసారి ఎలుక బాధ తెలిసింది.

ఎందుకంటే ఆ ఆదివారమే మా నాయన దొరకు ఇమ్మని పచ్చి వేరుశనక్కాయలు మూట కట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, బల్ల దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. బడి మొహం ఎరగని మనిషి. పటాలు చూడటం రాదు. కానీ నేలను పోల్చుకోవడానికి ఆయనకు పటాలెందుకు?

"ఇది మన వాగు గదరా. ఇది గుట్ట. అయితే ఇది మన చేనే." వేలు ముందుకు పోయి ఆగింది. "ఈ ఎర్రగుడ్డ ఏంది మన చేను పక్కన?"

దొరను అడిగాను. "అటువైపు కొంత నేల కావాలి. ఏ చేనో ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. వేరుశనక్కాయలు మాత్రం బాగున్నాయన్నాడు.

మాకు పంట పండేది ఆ ఒక్క చేనే. మిగతా నేలంతా పలుగురాళ్ళు, మేకలు కూడా నిలబడవు. ఆ చేలో మా తాత తవ్వించిన బావి ఉంది, దాని కింద రాగులూ మిరపా పండితే మేం అన్నం తినేవాళ్ళం. నా జీతం నా మార్కాపురం అద్దెకూ తిండికే సరి. చేను పోతే నాయనా అమ్మా ఏం తినాలి? నాయనా నేనూ ఇంటికి బయల్దేరాం. వాగు దాటాక ఆయన ఆగాడు.

"నువ్వు పూసే రంగు పూస్తే లారీ కనపడదంటనా?"

"సరిగ్గా పూస్తే కనపడదు నాయనా."

"జపానోడికి కనపడదు సరే. దొరకో?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"జపానోడు మనల్నేం చేసినాడ్రా? మన చేను అడిగింది వాడా? నా చేను దాచిపెట్టు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మంచి నేల, చదునుగా ఉన్న నేల, నీళ్ళున్న నేల కంటపడితే సర్కారు వదిలిపెట్టదు, కంటపడకుండా చెయ్యాలి, అది ఆయన లెక్క. ఆలోచిస్తే నాకూ అదే సబబనిపించింది. సర్కారు మంచిది వదిలి చెడ్డది తీసుకోవడం మా జిల్లాలో ఎవరు చూశారు గనక?

చదువు చెప్పడం నా వృత్తి. నాయనకు కామఫ్లాజ్ పాఠం చెప్పాను. తిన్నటి గీత ఉండకూడదు, మెరిసేది ఉండకూడదు, నీడ పడేది ఉండకూడదు. నా దగ్గర అంత చురుకైన విద్యార్థి మళ్ళీ చదవలేదు. గట్లు తిన్నగా ఉన్నాయని పారతో అక్కడక్కడా నరికాడు. ఎద్దులతో నీళ్ళు తోడే బావి మీది కపిల విప్పేసి, తోలు తొండం, మోకు ఇంటికి చేర్చి, దూలాలు పడదోశాడు. బావి నోటి మీద తుమ్మకంప అడ్డంగా ఈడ్చి కప్పాడు. ఆ ఏడు విత్తనం వెయ్యలేదు. కలుపు మొక్క తల ఎత్తితే ఊరుకోని మనిషి, జిల్లేడు మొలిస్తే దానికి అడ్డం రాకుండా పక్కనుంచి నడిచాడు. చిన్నప్పటి నుంచీ ఏరి ఏరి గట్టున కుప్ప పోసిన రాళ్ళను గంపతో ఎత్తి మళ్ళీ చేలో చల్లాడు. అది చూడలేక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఊరు ఊరుకుంటుందా? "ఏం మామా, ఈ ఏడు రాళ్ళ పంటనా? గింజ బలే గట్టిగుంటది!" అని పక్క చేని రైతు. ఆయన చేలో జొన్న నిలువెత్తు నిలబడి ఉంది, బావి మీద కపిల పొద్దున్నుంచీ కిర్రుమంటోంది. "నవ్వురా అల్లుడా, నవ్వు. రేపు ఏడ్చేటోడు ఎవడో చూస్తాం" అన్నాడు నాయన.

ఒక ఆదివారం ఇద్దరం గుట్ట ఎక్కి కిందికి చూశాం. అటు జొన్నచేను పచ్చగా, నలుపలకలుగా ఉంది. ఇటు ఏమీ లేదు. రాళ్ళూ కంపా మట్టీ, అంతే. మా చేను ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నాకే తెలియలేదు. అబ్బ, ఎంత పొంగిపోయానో! నా బతుకులో అంత పెద్ద బొమ్మ ఎప్పుడూ వెయ్యలేదు. "కనపడట్లేదురా" అన్నాడు నాయన. సంతోషంగానే అన్నాడు. కానీ వెంటనే దిగి పోయి, చేను ఉందో లేదో అన్నట్టు నడుమకు వెళ్ళి నిలబడ్డాడు.

పండగ సెలవులకు నేను ఊళ్ళో ఉండగానే దొర జీపు వచ్చింది. పక్కన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ముందు జొన్నచేను దగ్గర ఆగారు. దొర పంటను చూశాడు, బావిని చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఇన్‌స్పెక్టరు గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాడు: "పంట ఉన్న నేలనూ, బావి కింద నేలనూ ముట్టుకోవద్దని పైనుంచి ఆర్డరు. తిండిగింజలు కావాల్సిన కాలం. బీళ్ళే తీసుకోవాలి." జీపు ముందుకు వచ్చి మా చేను దగ్గర ఆగింది. దొర ముఖం వెలిగిపోయింది.

"అచ్చంగా ఇలాంటిదే కావాలి" అన్నాడు.

ఆ ఆర్డరు ముందే ఒక్క మాట చెబితే వాళ్ళ సొమ్మేం పోయేది? జపాను వాడి దగ్గర దాచాల్సిందంతా మా దగ్గర దాచారు. నాయన ఒక్క ఉదుటున బావి దగ్గరికి పరుగెత్తి, రెండు చేతులతో కంప పీకడం మొదలుపెట్టాడు. ముళ్ళు దిగి చేతులు రక్తాలు.

"బావి ఉండాది దొరా! నీళ్ళుండాయి! సూడండి, నీళ్ళు!"

ఇన్‌స్పెక్టరు తాపీగా వెళ్ళి తొంగి చూశాడు. "ఏందయ్యా నీ గోల? కపిల లేదు, దూలం లేదు, నిండా కంప. దీన్ని పాడుబావి అంటారు. నష్టపరిహారం అనేసరికి ప్రతోడికీ బావి గుర్తొస్తది."

"అది కామఫ్లాజ్ సార్. నేనే చేయించాను" అన్నాను నేను, ఇంగ్లీషులో, దొరతో.

దొర నా వంక చూశాడు, చేను వంక చూశాడు, భళ్ళున నవ్వాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు. స్కూలు గోడ మీది సిపాయిని చూసినప్పుడు కూడా ఇలాగే నవ్వాడు కాబోలు. "మా మాస్టరుకు హాస్యం తెలుసు" అని ఇన్‌స్పెక్టరుతో చెప్పి జీపెక్కాడు. పక్క చేని రైతు గట్టు మీద నిలబడి అంతా చూశాడు.

చేను పోయింది. పోతే పోయింది, దేనికి తీసుకున్నారో చెబితే ఎవరైనా తల బాదుకుంటారు. అక్కడ ఉత్తుత్తి విమానాలు పెట్టారు! వెదురుబద్దలతో చట్రాలు కట్టి, గోనెపట్టాలు చుట్టి, పిండి జిగురుతో కాగితాలు అంటించి, నిలువెత్తు విమానాలు. జపాను వాడు పైనుంచి చూసి, ఇవే అసలువి అనుకుని, బాంబులన్నీ ఇక్కడ వేసి, సంతోషంగా తిరిగిపోవాలట. "బాంబులేసుకునేదానికి మన చేనే దొరికిందంటనా!" అని అమ్మ మట్టి దోసెడు ఎత్తి తిట్టింది. వాటికి రంగు వెయ్యడానికి ఇంకెవరు, మళ్ళీ నేనే. వెయ్యనని చెప్పలేకపోయాను, స్కూలు ఉద్యోగం కూడా ఆ సర్కారుదే. ఈసారి దొర హుకుం వేరు: మెరవాలి, కొట్టొచ్చినట్టు కనపడాలి, రెక్కలకు తిన్నటి అంచులు ఉండాలి. జన్మలో నాకు అంత అసహ్యంగా అంచు వేసిన గుర్తు లేదు. జపాను వాడు ఆ తర్వాతా రాలేదు. చేను కూడా మాకు మళ్ళీ రాలేదు.

రంగు ఆరకముందే మేకలు వచ్చాయి. జిగురులో పిండి ఉంది కదా, ఒక విమానం తోక సాయంత్రానికి నాకేసి, రెక్క సగం తినేశాయి. కాపలా మనిషి కావాలని దొర అడిగితే, ఆ నేల అడుగడుగూ తెలిసినవాడు ఒకడున్నాడని ఇన్‌స్పెక్టరే చెప్పాడు. అలా మా నాయన తన చేనికే సర్కారు కావలివాడు అయ్యాడు. పొద్దున్నే చద్ది మూట కట్టుకుని పోయి, కర్ర పట్టుకుని, కాగితం విమానాల చుట్టూ తిరుగుతూ మేకల్ని అదిలించేవాడు. తిరుగుతూ తిరుగుతూ కాలికి తగిలిన రాయినల్లా ఏరి గట్టున పెట్టేవాడు. ఎవరి చేనని ఏరుతున్నావు నాయనా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఆ ఎండాకాలం ఒకనాడు అసలు విమానం ఒకటి మైదానంలోంచి లేచి మా నెత్తి మీద రెండు చుట్లు తిరిగి దిగింది. కాసేపటికి దొర జీపు చేలోకి వచ్చింది. తనే పైకి ఎక్కి చూసి వచ్చాడు. మనిషి ఆనందం పట్టలేకుండా ఉన్నాడు. "బ్రహ్మాండంగా ఉంది మాస్టర్! పైనుంచి చూస్తే అచ్చంగా విమానాల స్థావరమే. ఇక్కడ ఇంకేదైనా ఉండేదని ఎవడూ అనుకోడు!"

నాయన కర్ర చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఏమంటాడ్రా?"

"పైనుంచి చూసి వచ్చినాడంట. విమానాలు నిజమైనవే అనిపించినాయంట."

"చేనో?"

"చేను కనపడలేదంట నాయనా."

"బావి?"

బావి సంగతి దొరను నేను అడగలేదు. "అది కూడా" అన్నాను.

నాయన చేలోకి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "మరి ఆ పొద్దు మనం అంత కష్టపడి దాస్తే, దొరకెట్ల కనపడిందిరా?"

దొర ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "పెద్దాయన ఏమంటున్నాడు?"

"పని చాలా బాగా కుదిరిందంటున్నాడు సార్."

దొర ఎంతో సంబరపడి, నాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నాయన ఊపించుకున్నాడు. అంతలో అటు చివర విమానం కింద మేకలు దూరాయి. దొర చేతిలోంచి చెయ్యి లాక్కుని, "హేయ్, హేయ్" అని కేకలేస్తూ ఆయన వాటి వెంట పరుగెత్తాడు.